తెల్లటి వెలుగా, చిక్కటి చీకటా? సైన్స్ ఫిక్షన్ సీన్‌కి ఏది మేలు?

అంతరిక్ష నౌక, లోపల ఒక మనిషి, అతను ఇంకా పసిగట్టని ప్రమాదం. ఈ సీన్ తీయమంటే చాలామంది మొట్టమొదట సెట్‌లో లైట్లు ఆపేస్తారు. ఆ తొందర నాకు నచ్చదు. చీకటికీ వెలుగుకీ దేని పని దానికుంది. ఆ తేడా పట్టుకోవాలంటే రెండు సినిమాలు పక్కపక్కన పెట్టుకుంటే చాలు: స్టాన్లీ కుబ్రిక్ తీసిన ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’ (1968), రిడ్లీ స్కాట్ తీసిన ‘ఏలియన్’ (1979).

చీకటితో మొదలుపెడదాం. ‘ఏలియన్’లో నౌక సిబ్బందిలో ఒకడైన బ్రెట్ పిల్లిని వెతుక్కుంటూ ఓ పెద్ద గదిలోకి వస్తాడు. పైనుంచి గొలుసులు వేలాడుతుంటాయి, నీళ్లు కారుతుంటాయి. టోపీ తీసి మొహం ఆ నీళ్లకు పడతాడు. తడి మెరుస్తుంది, గొలుసుల అంచులు మెరుస్తాయి, మిగతాది నలుపులో కలిసిపోతుంది. అతని వెనక నౌకలో చేరిన గ్రహాంతర జీవి దిగుతున్నా మనకు ముక్కలు ముక్కలుగానే కనిపిస్తుంది. అది సూట్ వేసుకున్న నటుడే. నిండు వెలుగులో ఎక్కువసేపు నిలబెడితే సూట్ అని ఇట్టే తెలిసిపోతుంది. కనిపించని ముక్కల్ని మన బుర్రే పూరించుకుంటుంది, అందుకే అంత భయం.

ఇక వెలుగు. ‘2001’లో ఇద్దరు వ్యోమగాములు హాల్ అనే కంప్యూటర్‌కి వినబడకూడదని ఓ చిన్న పాడ్‌లోకి, అంటే నౌక బయట పనులకు వాడే బుల్లి వాహనంలోకి వెళ్లి తలుపు మూసుకుంటారు. ఫ్రేమ్‌లో ఇద్దరూ చెరోవైపు ఎదురెదురుగా కూర్చుంటారు, మధ్యలో గుండ్రటి అద్దం. ఆ అద్దంలోంచి దూరంగా హాల్ ఎర్రటి కన్ను కనిపిస్తూనే ఉంటుంది. దాచిందేమీ లేదు. చివర్లో మాటలు ఆగిపోతాయి, నిశ్శబ్దంలో కెమెరా ఒకరి పెదవుల నుంచి ఇంకొకరి పెదవులకు తిరుగుతుంది. హాల్ మాటలు వినడం లేదు, పెదవులు చదువుతోంది! నేను ఎన్నిసార్లు చూసినా అక్కడ ఒళ్లు జలదరిస్తుంది. పనిచేసిందల్లా ఎవర్ని ఎక్కడ కూర్చోబెట్టారు, మధ్యలో ఏం వదిలారు అన్నదే.

అదే సినిమా చివర్లో వచ్చే పడకగదిలో నేలే వెలుగుతుంటుంది. కాంతి కింది నుంచి వస్తుంటే మనిషి కాళ్ల దగ్గర మామూలుగా పడాల్సిన నీడ పడదు. ఈ గది మనుషుల లోకానిది కాదని ఒక్క డైలాగ్ లేకుండా అర్థమైపోతుంది. వ్యోమగాములు పరుగెత్తే గుండ్రటి సెట్‌ది ఇంకో కథ. 38 అడుగుల వ్యాసమున్న ఆ చక్రం నిజంగానే తిరిగేది, కాబట్టి లైట్లు కూడా సెట్‌లోనే బిగించి దానితోపాటు తిప్పాల్సి వచ్చింది. ఇప్పటికీ ఆ నౌకలో మనుషులు ఉంటున్నారని నమ్మేలా చేసేది అదే, ఎందుకంటే కాంతి ఎక్కడి నుంచి వస్తోందో కంటికి ఆనుతుంది.

మరి ఏది మేలు? ప్రమాదానికి గోళ్లూ పళ్లూ ఉంటే చీకటి. ప్రమాదం ఒక ఆలోచనో, యంత్రమో, అబద్ధమో అయితే వెలుగు. రెండూ సమానమని మాత్రం నేను అనను. వెలుగులో పుట్టించిన భయం ఎక్కువకాలం వెంటాడుతుందని నా నమ్మకం. ‘ఏలియన్’ చివరి ఘట్టమే దానికి సాక్ష్యం. కథానాయిక రిప్లీ తప్పించుకుని చిన్న నౌకలోకి వచ్చేసింది, గండం గడిచిందనుకుంది. అది చీకటి గది కూడా కాదు. గోడకున్న గొట్టాల మధ్య నుంచి ఉన్నట్టుండి ఓ చెయ్యి బయటికొస్తుంది. ఆ జీవి తల ఆకారం ఆ గొట్టాల్లాగే ఉంటుంది. అప్పటిదాకా మనం దాన్ని చూస్తూనే ఉన్నాం, గుర్తుపట్టలేదంతే.

ఖర్చు మాటకొస్తే వెలుగే కష్టం. గోడ అతుకులు, చవక ప్లాస్టిక్, ఆరని రంగు అన్నీ బయటపడతాయి. చీకటి చవకేమో అనుకుంటారు గానీ చీకటి సీన్‌కీ లైటు కావాలి. ఓ కుర్చీలో మనిషిని కూర్చోబెట్టి, టేబుల్ ల్యాంప్ కెమెరా పక్కన పెట్టి ఒక షాట్ తీయండి. తర్వాత అదే ల్యాంప్ కుర్చీ వెనక, కాస్త పక్కగా, ఫ్రేమ్‌లో పడకుండా పెట్టి ఇంకోటి తీయండి. మొదటిదాంట్లో గదిలో కూర్చున్న మనిషి ఉంటాడు. రెండోదాంట్లో భుజాల మీద సన్నటి గీత, మొహం ఉండాల్సిన చోట నలుపు. అతను మనవాడో కాదో తెలియదు. ల్యాంప్ ఆపేసి తీస్తే రెండూ రావు, బురదలాంటి మచ్చ మిగులుతుంది.

నేనైతే రిహార్సల్ మొత్తం లైట్లన్నీ వేసే చేయిస్తాను. అంత వెలుగులో కూడా ఆ ప్రమాదం ఎక్కడ నిలబడితే కనిపించదో దొరికాక, ఏ లైటు ఆర్పాలో అప్పుడు చూసుకుంటాను.