కార్ పార్కింగ్‌కి టెన్సైల్ పందిరి: వంపు బాగుంది, అంచులే బాగోలేదు

బాలానగర్ వర్క్‌షాప్ ఒకటి గుడ్డని మూలల్లో బిగించి లాగి వేసిన ఈ పందిరికి మూలం జర్మన్ ఆర్కిటెక్ట్, ప్రొఫెసర్ ఫ్రై ఓటో పని. 1964లో స్టుట్‌గార్ట్‌లో తేలిక కట్టడాల సంస్థ పెట్టి, తీగలకు సబ్బునీటి పొరలు పట్టించి ఆకారాలు వెతికిన మనిషి. 1972 మ్యూనిక్ ఒలింపిక్ కప్పుల్లోనూ ఆయన చెయ్యి ఉంది.

ఎదురెదురు మూలలు రెండు ఎత్తులో, రెండు కింద. గుర్రపు జీను వంపు చక్కగా కుదిరింది. గాలి పైకి లేపినా, వాన కిందికి నొక్కినా ఏదో ఒక దిశలో గుడ్డ బిగువుగానే ఉంటుంది.

అంచుల దగ్గరే తేడా. కేబుల్ దూర్చే మడతలో ముడతలున్నాయి. ఒక మూల టర్న్‌బకిల్ (తిప్పితే బిగువు పెంచే స్క్రూ) చివరిదాకా తిరిగిపోయింది. గుడ్డ కాలంతో సాగుతుంది. మళ్లీ బిగించే వీల్లేకపోతే పల్లం పడి నీళ్లు నిలుస్తాయి, ఆ బరువుకి ఇంకా సాగుతుంది. ఆఖరి బిల్లు కట్టేముందు నాలుగు టర్న్‌బకిళ్లలోనూ ఎన్ని మరలు మిగిలాయో చూసుకోండి.