తేమ ఊళ్లో ముసలి యాంప్లిఫయర్: ఏళ్ల తరబడి వాడాక

ముందే తీర్పు చెప్పేస్తాను. 1980ల నాటి జపాన్ స్టీరియో యాంప్లిఫయర్ ఎక్కడైనా దొరికి, దాన్ని విప్పి చూసే ఓపిక మీకుంటే కళ్లు మూసుకుని తెచ్చుకోండి. ఓపిక లేదంటే ఆ డబ్బుతో బ్లూటూత్ స్పీకర్ కొనుక్కుని హాయిగా ఉండండి. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. ఇంత వయసు మీద పడ్డాక వచ్చే జబ్బులు ఏ కంపెనీ సెట్టుకైనా ఇంచుమించు ఇవే.

మా సెట్టు మా మావయ్యగారిది. ఆయన టీవీకి అలవాటు పడి దీన్ని పక్కన పెట్టాక మా ఇంటికి వచ్చింది. ఛానెల్‌కి నలభై వాట్లు, ముందు అల్యూమినియం ప్లేటు, వెనక టేపు డెక్కుకీ టర్న్‌టేబుల్‌కీ సాకెట్లు. ఎత్తితే నడుం పట్టేస్తుంది, బరువంతా లోపలి ట్రాన్స్‌ఫార్మర్‌దే. సౌండు గురించి పెద్దగా చెప్పను. గొంతు గొంతులా వినిపిస్తుంది, తబలా మీద వేలు ఎక్కడ పడిందో తెలుస్తుంది. మధ్య గదికి నలభై వాట్లు ఎక్కువే. పెళ్లి డీజే బాస్ కావాలనుకునేవాళ్లకి ఇది నచ్చదు.

నేను రాయాలనుకున్నది మరమ్మతు గురించి. మాది ఒడిశాలోని బరంపురం. గోపాలపూర్ సముద్రం పదిహేను కిలోమీటర్ల దూరంలో ఉంది. వానాకాలంలో బీరువాలో బట్టలే బూజు పడతాయి, ఇక ఇనుమూ రాగీ సంగతి చెప్పాలా! 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. ఆ తర్వాత కరెంటు లేక, గోడలు ఆరక, సెట్టు చాలాకాలం మూసిన గదిలోనే ఉండిపోయింది. నా లెక్కలో దాని జబ్బుల్లో సగం అప్పుడు పట్టినవే. వాడుతున్న సెట్టు కాస్త వేడెక్కుతుంది, తేమ ఆరిపోతుంది. మూలన పడేస్తే లోపల ప్రతి స్విచ్చూ మెల్లగా నల్లబడుతుంది.

మొదట బయటపడింది ఎడమ ఛానెల్. సౌండు తక్కువలో పెడితే ఎడమ స్పీకర్ పలకదు. వాల్యూమ్ బాగా పెంచితే ఒక్కసారిగా అందుకుంటుంది, తగ్గించాక కూడా కాసేపు బాగానే ఉంటుంది. మర్నాడు మళ్లీ మామూలే. ఊళ్లో ఒక రిపేరు షాపుకి తీసుకెళితే మూత తీయకుండానే “ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లు పోయాయి, బోర్డు మార్చాలి” అన్నారు. అది నిజం కాదని చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు. స్విచ్ వేశాక కొన్ని సెకన్లకి లోపల టిక్కుమని రిలే (స్పీకర్లని సెట్టుకి కలిపే చిన్న ఆటోమేటిక్ స్విచ్) పడుతుంది. ట్రాన్సిస్టర్ కాలి షార్టయితే స్పీకర్ వైపు డీసీ వోల్టేజి వస్తుంది, అప్పుడు ప్రొటెక్షన్ సర్క్యూట్ రిలేని పడనివ్వదు. మా సెట్టులో రిలే శుభ్రంగా పడుతోంది. ఇంటికి వచ్చి మల్టీమీటర్‌తో స్పీకర్ టెర్మినళ్ల దగ్గర డీసీ కొలిచాను, యాభై మిల్లీవోల్టుల లోపే ఉంది. అంటే ఔట్‌పుట్ భాగం బాగానే ఉన్నట్టు.

తర్వాత చేయాల్సింది ఎవరైనా చేయగలరు. సెట్టు ఆపి వెనక ఇన్‌పుట్ వైర్లు కుడి ఎడమలు మార్చండి. జబ్బు కూడా పక్క మారితే తప్పు సీడీ ప్లేయర్‌దో వైరుదో. మారకపోతే ఈసారి స్పీకర్ వైర్లు మార్చి చూడండి. అప్పుడు మారితే జబ్బు యాంప్లిఫయర్‌లో ఉంది, మారకపోతే స్పీకర్‌లో ఉంది. పావుగంట పని, పైసా ఖర్చు లేదు. యాంప్లిఫయర్ అని తేలాక టేప్ మానిటర్ స్విచ్, బ్యాలెన్స్ నాబ్ లాంటివన్నీ కరెంటు తీసేసి ఇటూ అటూ గట్టిగా తిప్పండి. చాలా సెట్లకి ఇక్కడితోనే నయమవుతుంది. మాదానికి కాలేదు.

అసలు దొంగ రిలే. పైనున్న ప్లాస్టిక్ డబ్బా ఊడదీసి చూస్తే కుడివైపు కాంటాక్టులు బూడిదరంగులో, ఎడమవైపువి బొగ్గు నలుపులో ఉన్నాయి. తెల్ల కాగితాన్ని సన్నటి పట్టీగా కత్తిరించి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి, కాంటాక్టుల మధ్య పెట్టి వేలితో మూసి మెల్లగా లాగాను. కాగితం మీద పెన్సిల్‌తో గీసినట్టు నల్లటి గీత పడింది. ఇంకో పట్టీ, ఇంకో గీత. గీత పడడం మానేసేదాకా లాగడమే. ఆ కాంటాక్టుల్లో ఉండేది వెండి. గాలిలోని గంధకంతో కలిసి నల్లబడుతుంది, తేమ ఉంటే ఆ పని తొందరగా జరుగుతుంది. చిన్న సిగ్నల్ ఆ నల్లపొరని దాటలేదు, పెద్ద సిగ్నల్ పొడుచుకుని పోతుంది. వాల్యూమ్ పెంచితే బాగవడం వెనక రహస్యం అదే. గరుకు కాగితంతో మాత్రం రుద్దకండి, పైపూత పోతే నెలల్లో మళ్లీ మొదటికొస్తుంది. శుభ్రం చేయడం కూడా తాత్కాలికమే. చివరికి అదే 24 వోల్టుల కాయిల్ ఉన్న కొత్త రిలే తెప్పించి టంకం వేయించాను. ఆ రోజు నుంచి ఎడమ స్పీకర్ అలగలేదు.

రెండో జబ్బు బుయ్యిమనే మోత. ఇన్‌పుట్ వైర్లన్నీ పీకేయండి. మోత పోతే తప్పు ఎర్తింగ్‌దో వైర్లదో. చాలా ఇళ్లలో కేబుల్ టీవీ బాక్సుని కలిపినప్పుడే ఈ గోల మొదలవుతుంది. అన్నీ పీకినా, వాల్యూమ్ సున్నాలో పెట్టినా అదే మోత అంటే పవర్ సప్లైలోని పెద్ద కెపాసిటర్లు (కరెంటుని నిలవ చేసి నిలకడగా అందించేవి) ముసలివైపోయినట్టు. చెవి అలవాటైతే తేడా వినిపిస్తుంది: వైర్ల మోత 50 హెర్ట్జ్, లావుగా ఉంటుంది; కెపాసిటర్లది 100 హెర్ట్జ్, కాస్త కీచుగా ఉంటుంది. మా సెట్టుకి రెండోది. 105 డిగ్రీల రేటింగ్ ఉన్నవి వేయించాను. పది డిగ్రీల వేడి తగ్గితే ఈ కెపాసిటర్ల ఆయుష్షు సుమారు రెట్టింపవుతుందని లెక్క, కాబట్టి సెట్టు మీద టీవీ బాక్సు, పూలకుండీ, లేసు గుడ్డ ఏవీ పెట్టొద్దు. ఆ గుడ్డ విషయంలో ఇంట్లో యుద్ధమే జరిగింది. ఇంకో మాట: ప్లగ్గు పీకాక కూడా ఈ కెపాసిటర్లలో కరెంటు నిలవ ఉంటుంది. అలవాటు లేనివాళ్లు వాటి జోలికి వెళ్లకుండా తెలిసినవాళ్లకి అప్పజెప్పండి. ఎంతో కాలం మూసి ఉంచిన సెట్టుకి నేరుగా కరెంటు ఇవ్వకండి. పాత ఫిలమెంట్ బల్బు ఒకటి సీరీస్‌లో, అంటే కరెంటు ఆ బల్బు గుండానే సెట్టుకి వెళ్లేలా పెట్టి ఇవ్వండి. బల్బు ఒక్కసారి మెరిసి మందగిస్తే పర్వాలేదు, నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల షార్ట్ ఉంది. బల్లుల సంగతి కూడా చూసుకోండి. మా సెట్టు మూత తీసినప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ పక్కన బల్లి గుడ్ల పెంకులు దొరికాయి. వెచ్చగా ఉంటుంది కదా, వాటి తప్పేముంది.

ఇక బావమరిది ప్రస్తావన లేకుండా ఈ సమీక్ష పూర్తికాదు. వాడికీ నాకూ ఇంకో పిచ్చి ఉంది, రేస్ ట్రాక్ మీద కారు నడపడం. పోటీలు కావు, ట్రాక్ డే, అంటే సొంత కారుని ట్రాక్ మీద తిప్పుకునే రోజు. ఇద్దరికీ కలిపి ఒక పాత హ్యాచ్‌బ్యాక్, పెట్రోలు సగం సగం. బరంపురం నుంచి ఇచ్ఛాపురం, విశాఖ, విజయవాడ, నెల్లూరు మీదుగా చెన్నై అవతల శ్రీపెరుంబుదూరు దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్‌కి వెయ్యి కిలోమీటర్ల పైమాటే. 1990లో మొదలైన ఆ ట్రాక్ పొడవు 3.7 కిలోమీటర్లు, మలుపులు పన్నెండు. ఒకడు నడిపితే ఇంకొకడు పిట్‌లో టైర్ల గాలి చూస్తాడు. మా ఊళ్లో చెబితే “అంత దూరం పోయి ఉన్నచోటే తిరిగొస్తారా?” అని నవ్వుతారు. నిజమే మరి.

అక్కడ ఒకసారి మూడో రౌండులో వాడు పిట్‌లోకి వచ్చేసి, “బావా, పెడల్ స్పాంజిలా దిగిపోతోంది” అన్నాడు. ప్యాడ్లు చూస్తే బాగానే ఉన్నాయి. బ్రేక్ ఆయిల్ మరిగింది. ఈ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 అనే బ్రేక్ ఆయిల్ ప్రమాణం ప్రకారం కొత్త ఆయిల్ కనీసం 230 డిగ్రీల వరకు మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోతుంది. ఊళ్లో తిరిగితే ఈ తేడా ఎప్పటికీ తెలియదు. ట్రాక్ మీద మాత్రం మరిగిన ఆవిరి పైపుల్లో చేరి, పెడల్ తొక్కితే బ్రేకు పట్టదు. యాంప్లిఫయర్ రిలేని నల్లగా చేసిన గాలే కారు బ్రేకుల్లోకీ దూరింది. అప్పటి నుంచి బయల్దేరే ముందు కొత్త ఆయిల్ పోయించి, గాలి బుడగలు తీయించుకునే వెళ్తాం. సెషన్ అయ్యాక ఒక రౌండు నెమ్మదిగా తిప్పి బ్రేకుల్ని చల్లార్చి, హ్యాండ్‌బ్రేక్ వేయకుండా గేరులో ఆపి చక్రానికి చెక్క అడ్డం పెడతాం.

వెతకడంలో కూడా ఒకటే పద్ధతి. స్టీరింగు వణికితే ముందు చక్రాలు వెనక్కి, వెనకవి ముందుకి మార్చి చూస్తాం. వణుకు స్టీరింగులోంచి సీటులోకి వస్తే చక్రమే, రాకపోతే ఇంకోటి. బావమరిది ఈ లెక్క నేర్చుకున్నది వాళ్ల నాన్న సెట్టు దగ్గరే.

కొనాలనుకునేవాళ్లకి కొన్ని మాటలు. జపాన్‌లో అమ్మడానికే చేసిన సెట్లు 100 వోల్టులవి. నేరుగా మన ప్లగ్గులో పెడితే పొగ వస్తుంది, స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. వెనక వోల్టేజి సెలెక్టర్ ఉంటే అది 240 మీద ఉందో లేదో చూసి గానీ స్విచ్ వేయకండి. జతగా స్పీకర్లు వస్తుంటే జాలీ తీసి ఊఫర్ చుట్టూ ఉన్న అంచుని వేలితో మెల్లగా తాకండి. ఫోమ్ అయితే మన గాలికి పొడిపొడిగా రాలుతుంది, కొత్త రింగు అతికించాల్సిందే. రబ్బరు అయితే చాలాకాలం వస్తుంది. టేపు డెక్కు కూడా ఇస్తామంటే బెల్టు కరిగి తారులా అంటుకుని ఉంటుందని ముందే అనుకుని బేరమాడండి. షాపులో ఐదు నిమిషాలు గట్టిగా వినిపించి పంపేస్తారు, అది చాలదు. సౌండు బాగా తగ్గించి రెండు స్పీకర్లూ సమానంగా పలుకుతున్నాయో లేదో వినండి.

మా సెట్టుకి బాస్ నాబ్ గరగర ఒకటి మిగిలి ఉంది. కాంటాక్ట్ క్లీనర్ కొడితే వారం బాగుంటుంది, మళ్లీ వస్తుంది. లోపలి కార్బన్ ట్రాక్ అరిగిపోయింది, అదే కొలతలో కొత్తది దొరకలేదు. దొరికేదాకా నాబ్‌ని మధ్యలో వదిలేసి దాని జోలికి వెళ్లడం మానేశాం.