షటిల్ కిట్‌లో స్పేసర్: ఈ ప్లాస్టిక్ గొట్టానికి డబ్బులు పెట్టొచ్చా?

సూటిగా చెప్పేస్తా. ఆటాడితేనో, మెట్లెక్కితేనో, బస్సు కోసం పరిగెత్తితేనో ఆయాసం వచ్చే బాపతు ఉబ్బసం మీకుండి, డాక్టర్ పఫ్ ఇన్హేలర్ రాసిచ్చి ఉంటే, దానికి తోడు ఒక స్పేసర్ (ఇన్హేలర్ మూతికి తగిలించి, రెండో చివర నోరు పెట్టి పీల్చే గొట్టం) కొనేసుకోండి. మా ఏరియా మెడికల్ షాపుల్లో ఐదొందల లోపే దొరుకుతోంది. నేను వాడేది వాల్వ్ ఉన్న మామూలు ప్లాస్టిక్ రకం. కంపెనీ పేరు చెప్పను, ఎందుకంటే దాన్ని తిట్టాల్సింది కూడా కొంత ఉంది, పైగా ఈ ధరలో నేను చూసినవన్నీ ఇంచుమించు ఒకే తీరుగా ఉన్నాయి.

నా కేసు ఏంటంటే, మామూలు రోజుల్లో ఏమీ ఉండదు. రాత్రి దగ్గు లేదు, పిల్లికూతలు లేవు, ఆఫీసులో కూర్చుంటే నాకు ఉబ్బసం ఉందన్న సంగతే ఎవరికీ తెలీదు. షటిల్ మొదటి గేమ్ కూడా హాయిగా అయిపోతుంది. గేమ్ అయ్యి బెంచీ మీద కూలబడ్డాక మొదలవుతుంది అసలు కథ. పక్కవాళ్ళకి రొప్పు తగ్గే టైములో నాకు పెరుగుతుంది, ఛాతీ చుట్టూ తాడేసి బిగించినట్టు ఉంటుంది, ఊపిరి లోపలికి పోతుంది గానీ పూర్తిగా బయటికి రాదు, ఆ తర్వాత ఆగని పొడి దగ్గు. ఐదు పది నిమిషాల్లో బాగా ముదిరి, అరగంటో గంటో అయ్యాక దానంతట అదే సర్దుకుంటుంది. "నీకు స్టామినా లేదన్నా, రోజూ రన్నింగ్ చెయ్" అని కోర్టులో ఉచిత సలహాలు. స్టామినా లేనివాడికి ఆట ఆపగానే తగ్గాలి కదా, ఆపాక పెరుగుతుంటే అది వేరే సంగతి.

ఇది ఊహించి చెప్పేది కాదు, టెస్ట్ ఉంది. ముందు ఒకసారి గొట్టంలోకి గట్టిగా ఊదిస్తారు, తర్వాత ట్రెడ్‌మిల్ మీద ఆరు నుంచి ఎనిమిది నిమిషాలు బాగా రొప్పు వచ్చేలా పరిగెత్తించి, ఆపాక అరగంట దాకా మధ్యమధ్యలో మళ్ళీ ఊదిస్తారు. మొదటి సెకనులో ఎంత గాలి బయటికి వదలగలుగుతున్నామో ఆ అంకె 10 శాతం, లేదా అంతకంటే ఎక్కువ పడిపోతే ఇదే జబ్బు అంటారు. నాది పడింది. కారణం కూడా పెద్ద మిస్టరీ ఏం కాదు: గట్టిగా ఆడేటప్పుడు ముక్కు వదిలేసి నోటితో ఊపిరి లాగుతాం, ముక్కు చేసే వెచ్చబెట్టి తడిపే పని జరగకుండానే పొడి గాలి నేరుగా లోపలికి పోతుంది, శ్వాసనాళాల లోపలి తడి ఆరిపోతుంది, దాంతో అక్కడి కణాలు హిస్టమిన్ లాంటి రసాయనాలు వదిలి నాళాలు బిగుసుకుంటాయి. అందుకే డిసెంబర్, జనవరి పొద్దుటి పూట హైదరాబాద్ చలిలో ఆడితే చచ్చేంత పనవుతుంది, అదే వైజాగ్ బీచ్ రోడ్డు తేమ గాలిలో చెమటలు కక్కుతూ పరిగెత్తినా అంత ఇబ్బంది ఉండదు.

సరే, స్పేసర్ దగ్గరికి వద్దాం. ఇన్హేలర్ నొక్కితే మందు చాలా వేగంగా బయటికి దూసుకొస్తుంది. నొక్కడం, లోపలికి పీల్చడం సరిగ్గా ఒకే క్షణంలో జరగాలి, పీల్చడం కూడా నెమ్మదిగా, లోతుగా ఉండాలి. అది కుదరకపోతే మందులో ఎక్కువ భాగం నాలుక మీదా గొంతు వెనకా కొట్టుకుని అక్కడే ఆగిపోతుంది. ప్రశాంతంగా ఉన్నప్పుడు ఈ టైమింగ్ నేర్చుకోవచ్చు. దగ్గుతూ, నిమిషానికి ముప్ఫైసార్లు రొప్పుతూ, పక్కన నలుగురు "నీళ్ళు తాగు, నీళ్ళు తాగు" అని అరుస్తుంటే ఎవడికి కుదురుతుంది? స్పేసర్ పెడితే మందు ముందు ఆ గొట్టంలోకి వెళ్ళి నిలబడుతుంది, పెద్ద తుంపరలు గోడలకి అంటుకుంటాయి, సన్నటివి గాల్లో తేలుతుంటాయి, మనం తీరిగ్గా పీల్చుకోవచ్చు. ఒక్క లోతైన ఊపిరి తీసి పది సెకన్లు బిగబట్టొచ్చు, లేదా అంత ఓపిక లేనప్పుడు మామూలుగానే నాలుగైదు సార్లు పీల్చి వదలొచ్చు.

నాదాంట్లో నోరు పెట్టే చోట పల్చటి సిలికాన్ రేకు ఉంది. పీల్చినప్పుడు అది లేస్తుంది, వదిలినప్పుడు మూసుకుంటుంది, మన ఊపిరి గొట్టంలోకి వెళ్ళి మందుని చెదరగొట్టకుండా పక్క సందుల్లోంచి బయటికి పోతుంది. అద్దం ముందు నిలబడి చూస్తే ఆ రేకు కదలడం కనిపిస్తుంది, చెవికి చిన్న టప్ టప్ కూడా వినిపిస్తుంది. వినడానికి ఇది చిన్న విషయమే గానీ, ఊపిరాడని టైములో "మందు లోపలికి పోతోందా లేదా" అనే టెన్షన్ సగం తగ్గేది ఆ చప్పుడుతోనే. టెన్షన్ తగ్గితే ఊపిరి వేగం తగ్గుతుంది, మందు ఇంకా బాగా పోతుంది.

ఒకసారి ఒక పఫ్ మాత్రమే. రెండు పఫ్‌లు వరసగా గొట్టంలో కొట్టేసి ఒకేసారి పీల్చేద్దాం అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు, మా కోర్టులోనే ఇద్దరున్నారు, అలా చేస్తే తుంపరలు ఒకదానికొకటి అతుక్కుని పెద్దవై గోడలకే పోతాయి. కొట్టు, పీల్చు, అర నిమిషం ఆగు, ఊపు, మళ్ళీ కొట్టు.

ఇప్పుడు చిరాకుల సంగతి. మొదటిది సైజు. చంటిపిల్లల కోసం, ఇంట్లో మంచం పక్కన పెట్టుకోవడం కోసం తయారుచేసినట్టుంది ఇది, ఆడేవాళ్ళని దృష్టిలో పెట్టుకున్నది కాదు. షటిల్ కిట్ బ్యాగులో పడుతుంది గానీ ట్రాక్ ప్యాంటు జేబులో పట్టదు, పరిగెత్తేవాళ్ళ నడుం బెల్టులో అసలు పట్టదు. రెండు ముక్కలుగా విడదీసి పెట్టుకోవచ్చు, కానీ అవసరం వచ్చినప్పుడు వణికే చేతులతో వాటిని కలిపి బిగించడం ఎవరి ఐడియానో వాళ్ళకే తెలియాలి. బిగించే పెట్టుకోండి, బ్యాగ్ పెద్దది కొనుక్కోండి.

రెండోది మూత. నోటి దగ్గర మూత వదులుగా ఉంది, బ్యాగులో ఊడిపోయి ఎక్కడో పడి ఉంటుంది. ఊడితే ఏంటి అంటారేమో, షటిల్ కాక్ ఈక ముక్కలు, చిల్లర, బిళ్ళ కవర్లు ఏవైనా లోపలికి దూరతాయి, అది చూసుకోకుండా గట్టిగా పీలిస్తే మందుతో పాటు అవీ గొంతులోకి పోతాయి. నేను జిప్ కవర్లో వేసి పెడుతున్నా. ఇన్హేలర్‌కి ఉండే చిన్న మూత విషయంలోనూ ఇదే జాగ్రత్త.

మూడోది షాపు. మెడికల్ షాపులో అడిగితే మాస్కుతో ఉన్నది చేతిలో పెట్టి, ఎక్కువ బిల్లు వేశాడు. మాస్కు అనేది గొట్టాన్ని నోటితో సరిగ్గా పట్టుకోలేని చిన్నపిల్లలకి, బాగా ముసలివాళ్ళకి. మామూలుగా పెద్దవాళ్ళకి నోటితో పట్టుకునేదే మేలు. ఎలా వాడాలి అంటే "లోపల పేపర్ ఉంది సార్" అన్నాడు. ఆ పేపర్ మీద అక్షరాలు చీమ తలకాయంత ఉన్నాయి, తెలుగు లేదు.

కడగడం గురించి మాత్రం ఆ పేపర్లో ఉన్నది అక్షరాలా పాటించండి. గోరువెచ్చటి నీళ్ళలో కాస్త గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి అందులో ఆడించి తీసి, అలాగే గాలికి ఆరనివ్వాలి. లోపల గుడ్డ పెట్టి తుడవకూడదు. తుడిస్తే ప్లాస్టిక్‌కి స్టాటిక్ కరెంటు పట్టి మందు గోడలకి లాక్కుపోతుంది. కొత్తది కొన్నప్పుడు కూడా ముందు ఒకసారి ఇలా కడిగి ఆరబెట్టాకే వాడటం మంచిది. ఇంట్లో పనిలో సాయం చేద్దామని ఎవరైనా టవల్‌తో తళతళలాడించే ప్రమాదం ఉంది, ముందే చెప్పి ఉంచండి. మా అమ్మకి చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది.

ఆట ముందు వాడకానికి స్పేసర్ తప్పనిసరా? నా అభిప్రాయం, కాదు. ఆటకి పావుగంట ముందు సాల్బుటమాల్ (నాళాలని త్వరగా వదులుచేసే మందు, నీలం ఇన్హేలర్‌లో ఉండేది) పఫ్ తీసుకునేటప్పుడు మనం మామూలుగానే ఊపిరి పీలుస్తుంటాం, టెక్నిక్ కుదిరినవాళ్ళకి ఇన్హేలర్ ఒక్కటే సరిపోతుంది. ఆ మందు ప్రభావం రెండు నుంచి నాలుగు గంటలు ఉంటుంది, ఒక సెషన్‌కి చాలు. స్పేసర్ అసలు విలువ రెండు చోట్ల. ఒకటి, ఆట మధ్యలో పట్టేసినప్పుడు. ఆస్ట్రేలియాలో ప్రథమ చికిత్సగా నాలుగు-నాలుగు-నాలుగు అని నేర్పిస్తారు: స్పేసర్‌లో ఆ సాల్బుటమాలే ఒక్కొక్కటిగా నాలుగు పఫ్‌లు, ఒక్కో పఫ్‌కి నాలుగు శ్వాసలు, తర్వాత నాలుగు నిమిషాలు ఆగి చూడటం. తగ్గకపోతే అంబులెన్స్‌కి ఫోన్ చేసి మళ్ళీ అదే చేస్తుండాలి, మనకైతే 108. నేను దీన్ని మా డబుల్స్ పార్ట్‌నర్‌కి నేర్పించా, "ఏంటన్నా ఇది, ఇంత సింపులా" అన్నాడు.

రెండోది, రోజూ తీసుకునే స్టెరాయిడ్ ఇన్హేలర్. స్పేసర్ లేకుండా అది గొంతులో పేరుకుంటే గొంతు బొంగురుపోవడం, నోట్లో తెల్లటి పూత రావడం మామూలే. స్పేసర్ పెట్టి, తర్వాత నీళ్ళు పుక్కిలించి ఊసేస్తే ఆ గోల చాలావరకు ఉండదు. ఇక్కడే ఒక ముఖ్యమైన మాట. "నాకు ఆడితేనే వస్తుంది, రోజూ మందెందుకు, ఆ నీలం ఇన్హేలర్ చాలు" అనుకునేవాళ్ళు ఎక్కువ. ఉబ్బసం మీద మార్గదర్శకాలిచ్చే అంతర్జాతీయ సంస్థ గినా 2019 నుంచి పెద్దవాళ్ళకి సాల్బుటమాల్ ఒక్కదానితోనే నడిపించొద్దని చెబుతోంది, ఎందుకంటే అది బిగుసుకున్న నాళాన్ని వదులు చేస్తుందే తప్ప లోపలి వాపుని ముట్టుకోదు. పైగా రోజూ కొడుతుంటే దాని పవర్ కూడా తగ్గుతుంది. నాకు వాపు తగ్గించే స్టెరాయిడ్ బుడెసొనైడ్, నాళాలు వదులుచేసే ఫార్మోటెరాల్ కలిసిన ఇన్హేలర్‌కి మార్చారు, ఆట ముందు కూడా అదే. మీకేది అనేది మీ డాక్టర్ చెప్పాలి. ఆట లేని రోజుల్లో కూడా పఫ్ కోసం చెయ్యి వెళ్తోందంటే స్పేసర్ ఎంత మంచిది కొన్నా లాభం లేదు, ముందు ఆస్పత్రికి వెళ్ళండి.

క్యాప్సూల్ వేసి పీల్చే పొడి మందు వాడేవాళ్ళకి ఈ రివ్యూ అక్కర్లేదు, వాటికి స్పేసర్ పనికిరాదు, వాటిని గట్టిగా, వేగంగా లాగాలి.

బంధువుల గురించి రెండు ముక్కలు. "ఇన్హేలర్ అలవాటైపోతుంది" అనేవాళ్ళు అన్నిచోట్లా ఉంటారు, గొట్టం కూడా తగిలిస్తే వాళ్ళ కంటికి జబ్బు ఇంకా పెద్దదిగా కనిపిస్తుంది. మా పెద్దమ్మ అయితే మృగశిర కార్తెకి నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌కి పోయి కొరమీను మింగమని ఏటా ఫోన్ చేస్తుంది. అది పనిచేస్తుందని శాస్త్రీయంగా రుజువు లేదు. మా డాక్టర్ గారు దాని మీద వాదించలేదు, "చేప మింగినా సరే, ఇన్హేలర్ మాత్రం మానొద్దు" అన్నారు. లండన్ మారథాన్‌ని 2003లో 2 గంటల 15 నిమిషాల 25 సెకన్లలో పరిగెత్తి అప్పటి మహిళల ప్రపంచ రికార్డు కొట్టిన బ్రిటన్ రన్నర్ పౌలా రాడ్‌క్లిఫ్‌కి ఉన్నది కూడా ఇదే జబ్బు అని చెప్తే పెద్దమ్మ పెద్దగా లెక్కచేయలేదు, మా కోర్టు కుర్రాళ్ళు మాత్రం నోరు మూశారు.

వార్మప్ ఎగ్గొట్టొద్దు. పది పదిహేను నిమిషాలు మధ్యమధ్యలో చిన్న చిన్న స్ప్రింట్లు కలిపి చేస్తే, చాలామందికి ఆ తర్వాత గంట రెండు గంటలు నాళాలు అంతగా బిగుసుకోవు. అందరికీ పనిచేయదు, నాకు చేస్తోంది.

తిరుమల నడకదారి సంగతి చాలామంది అడుగుతారు. అలిపిరి దారిలో 3,550 మెట్లు, మోకాళ్ళ పర్వతం దగ్గర నిటారుగా ఉంటాయి. ఉబ్బసం ఉన్నవాళ్ళు కాలినడకన రావద్దనే టీటీడీ సూచన. కంట్రోల్లో లేకపోతే ఆ మాట వినండి, స్వామి బస్సులో వచ్చినా చూస్తాడు. నేను వెళ్ళింది డాక్టర్ని అడిగి, తోడు మనిషిని పెట్టుకుని, ప్రతి మలుపు దగ్గరా కూర్చుంటూ. స్పేసర్ తోడొచ్చినాయన భుజాన సంచిలో, పులిహోర పొట్లాల పైన. తీయాల్సిన అవసరం రాలేదు.

నా రేటింగ్ ఐదుకి నాలుగు. ఒక స్టార్ ఆ మూతకి కోత. వాల్వ్ రేకు గట్టిపడినా, వంకర తిరిగినా, ప్లాస్టిక్ పగిలినా కొత్తది కొనేయండి, జిగురు పెట్టి అతికించొద్దు. కొనేటప్పుడు మీ ఇన్హేలర్ కూడా షాపుకి తీసుకెళ్ళి, వెనక రబ్బరు కంతలో దాని మూతి బిగుతుగా కూర్చుంటోందో లేదో అక్కడే చూసుకోండి, ఇంటికొచ్చాక చూస్తే వాడు వెనక్కి తీసుకోడు.