మూడు రోలర్ల చెరకు గానుగ: కొన్ని సీజన్లు ఆడించాక

గానుగ కొనేవాళ్ళు అడగాల్సిన మొదటి ప్రశ్న గంటకు ఎంత గడ మింగుతుందని కాదు, రసం ఎంత దిగుతుందని. అనకాపల్లి వైపు బెల్లం వండేచోట్ల ఎక్కువగా కనిపించే రకమే మాదీ: అడ్డంగా అమర్చిన మూడు పోత ఇనుప రోలర్లు, 10 హెచ్‌పీ మోటారు, బెల్టు. రోలర్ల బిగువు సరిగ్గా ఉన్నప్పుడు 100 కిలోల 87ఎ298 రకం చెరకు గడకు 60 కిలోలకు అటూఇటూగా రసం వస్తుంది. బిగువు వదిలితే 54, 55కి పడిపోతుంది. పిప్పి మాత్రం పైకి ఒకేలా ఉంటుంది. అందుకే వారానికోసారైనా గడ తూచి, రసం తూచి చూసుకోవాలి. పిప్పిని పిడికిట పట్టి పిండితే అరచెయ్యి తడిసిందంటే ఇప్పటికే నష్టపోతున్నట్టు లెక్క.

గడ లోపలికి వెళ్ళే వైపు సందు 8 నుంచి 10 మి.మీ., పిప్పి బయటికొచ్చే వైపు 1 మి.మీ. దగ్గర పెడుతున్నాం. రెండు పక్కల బోల్టులూ సమానంగా తిప్పాలి. లేకపోతే రోలర్ ఒక పక్కకు వాలి, ఆ పక్క గన్‌మెటల్ బుష్ (రోలర్ ఇరుసు తిరిగే కంచు తొడుగు) ముందే అరిగిపోతుంది. మరీ బిగిస్తే మోటారు మూలుగుతుంది, బెల్టు జారి కాలిన వాసన వస్తుంది, రసమేమో పెద్దగా పెరగదు. గడ ఇరుక్కుంటే చెయ్యి పెట్టడం ప్రాణాంతకం. వెనక్కి తిప్పే స్విచ్ తప్పకుండా పెట్టించుకోండి. గడ పెట్టే పళ్ళెం కూడా రోలర్ దాకా చెయ్యి అందనంత పొడవుండాలి.

దీని అసలు లోపం గ్రీజు. బుష్‌ల నుంచి కారి నేరుగా రసం తొట్టిలో పడుతుంది. రెండు చివరలా స్టీలు రేకు అడ్డు కట్టించి, ఆహార యంత్రాలకు వాడే గ్రీజే వాడుతున్నాం. ఈ పని తయారీదారే చేసి ఇవ్వాలి.

శుభ్రత దగ్గర రాజీ పడకూడదు. రోలర్ల మధ్య పళ్ళెం కింద రసం నిలిస్తే బాక్టీరియా చేరి జిగురు కడుతుంది, ఆ పులుపు తర్వాత వచ్చే తాజా రసానికీ అంటుకుంటుంది. మూడు, నాలుగు గంటలకోసారి వేడినీళ్ళతో కడిగి, పులుపు తెలిపే పీహెచ్ కాగితం ముంచి చూడాలి (అంకె తగ్గితే పులుపు పెరిగినట్టు). తాజా రసం 5.2 నుంచి 5.5 మధ్య ఉంటుంది. 5 దిగితే చక్కెర విరుగుతోందని అర్థం, బెల్లం దిమ్మ కట్టదు. చెరకు రసం నుంచే రమ్ము తీసే కరీబియన్ దీవి మార్టినిక్‌లో కూడా రసం పీహెచ్ 4.7కు, బ్రిక్స్ (రసంలో కరిగిన చక్కెర శాతం) 14కు తగ్గకూడదని నిబంధన ఉంది.

బెల్లానికి 14 చాలదు. బ్రిక్స్ కొలిచే రిఫ్రాక్టోమీటరులో గడ మొదలు, నడుమ, కొస మూడింటి బ్రిక్స్ దగ్గరదగ్గరగా, 18 పైన ఉంటేనే నరికిస్తాం. కార్శి తోట (నరికిన మోళ్ళ నుంచి మళ్ళీ పెరిగిన చెరకు) ముందు పక్వానికొస్తుంది కాబట్టి దానితో మొదలుపెడతాం. మొవ్వతోపాటు పైన లేత కణుపులు తీసేయాలి. నరికిన గడ 24 గంటల్లోపు గానుగెక్కాలి, ఎండలో పడుంటే ఇంకా ముందే. గడ చీల్చినప్పుడు ఎర్రటి కండలో అడ్డంగా తెల్లమచ్చలు, పులిసిన వాసన ఉంటే అది ఎర్రకుళ్ళు. అలాంటి గడ ఒక్కటి కూడా లోపలికి వెళ్ళనివ్వొద్దు.

రోజుకు రెండు, మూడు పెనాలు వండేవాళ్ళకు ఈ గానుగ చాలు. అంతకు మించి వండాలంటే పిప్పిని రెండోసారి పిండే జోడు గానుగ చూసుకోవడం మేలు. సీజన్ అవ్వగానే రోలర్ల గాళ్ళు లేతులో మళ్ళీ కోయించి, ఆముదం పట్టించి ఉంచండి. వానాకాలం తుప్పు వాటినే ముందు తింటుంది.