పాప కోసం కొన్న సక్షన్ మిషన్: ఏడు నెలలు వాడాక

మా పాపకి రెండేళ్లు. గొంతుకి ట్రాకియాస్టమీ, అంటే ఊపిరి కోసం గొంతు దగ్గర రంధ్రం చేసి పెట్టిన ట్యూబు, 4 సైజుది. డిశ్చార్జి రోజున గుంటూరు కొత్తపేటలో ఒక సర్జికల్ షాపులో ఈ పోర్టబుల్ సక్షన్ మిషన్ కొన్నాం. కంపెనీ పేరు రాయను, కాస్త తిట్టబోతున్నాను కాబట్టి.

కఫం బాగానే లాగుతుంది. నాబ్ తిప్పితే లాగే ప్రెషర్ చూపించే ముల్లు 100 దగ్గర కదలకుండా నిలబడుతుంది. పిల్లలకి 120 దాటించొద్దని ఐసీయూలో గట్టిగా చెప్పారు. జార్ కడగడం తేలిక. బ్యాటరీ మాత్రం దండగ. గంటన్నర వస్తుందన్నారు, కరెంటు పోయిన రాత్రి 20 నిమిషాలకే చేతులెత్తేసింది. చప్పుడు సంగతి సరేసరి, పక్కింటి మామ్మగారు మిక్సీ అనుకుని "అర్ధరాత్రి పచ్చడేంటే?" అని అడిగారు.

మాన్యువల్‌లో ఎలా వాడాలో ఆరు పేజీలు రాశారు. ఎప్పుడు వాడాలో ఒక్క ముక్క లేదు. అది నాకు నేర్పింది పిల్లల ఐసీయూలో నైట్ డ్యూటీ సిస్టర్. పాప వెంటిలేటర్ మీద ఉన్నప్పుడు వాచీ చూసుకుంటూ, "రెండు గంటలైంది, కఫం తీయరా సిస్టర్?" అని ఆవిణ్ణి వేపుకు తినేదాన్ని. "టైము చూసి ఇచ్చేది మందులమ్మా, ఇది కాదు. పైపు లోపలికెళ్లిన ప్రతిసారీ ఆక్సిజన్ పడిపోవచ్చు, లోపల పొర గీసుకోవచ్చు" అనేవారు.

ఒక రాత్రి వెంటిలేటర్ స్క్రీన్ మీద గీత రంపం పళ్లలా మారింది. కఫం ఉంటే అలా వస్తుందని అప్పటికి నాకూ తెలుసు, కంగారుగా పిలిచాను. ఆవిడ పాప ఛాతీ మీద అరచెయ్యి ఆనించారు, స్టెతస్కోప్ పెట్టి విన్నారు, తర్వాత వెంటిలేటర్ పైపులో చేరిన నీళ్లు వంపేశారు. గీత సాఫీ అయిపోయింది. ఇంకోరోజు మానిటర్‌లో ఆక్సిజన్ 97 కనిపిస్తూనే ఉంది, పాప మాత్రం ఊరికే కాళ్లు కొట్టుకుంటోంది. చెయ్యి పెట్టి చూసి, "గురగుర తగుల్తోంది, మీరూ చూడండి" అని నా చెయ్యి అక్కడ ఉంచారు. లాగితే చిక్కటి కఫం వచ్చింది.

ఇప్పుడు ఇంట్లో నేనూ ముందు చెయ్యే పెడతాను. పొద్దున లేవగానే, పడుకోబెట్టే ముందు ఎలాగూ తప్పదు. మిగతావి ఒక్కోరోజు పది, ఒక్కోరోజు రెండే.

మిషన్‌కి ఐదుకి మూడు. కొనేవాళ్లు కాలితో తొక్కే సక్షన్ పంపు కూడా ఒకటి తెచ్చి పెట్టుకోండి, దానికి కరెంటుతో పనిలేదు. మాలాగా 4 ట్యూబు అయితే 8 నంబరు క్యాథెటర్ (ట్యూబులోకి పంపి కఫం లాగే సన్న పైపు) అడగండి. షాపతను మాకు 10 అంటగట్టబోయాడు.