రూ. 72 వేలకు కొన్న రోడ్‌కింగ్, రూ. 1.52 లక్షలకు తేలింది

ముందే చెప్పేస్తా. పాతకాలపు ఎజ్డీ రోడ్‌కింగ్ మంచి బండి, కొనొచ్చు. ముస్తాబు చేయించుకోవడమూ తప్పేం కాదు. కానీ కటింగ్ మిషన్ పట్టుకుని ఎదురొచ్చేవాడికి మాత్రం బండి అప్పజెప్పొద్దు. నా రివ్యూ ఇంతే, తీరిక ఉన్నవాళ్లు మిగతాది చదువుకోండి.

నాది తెనాలి, పురుగుమందుల షాపు. సీజన్‌లో అన్నం తినడానికి తీరిక ఉండదు, ఎండాకాలం ఈగలు తోలుకోవడమే. ఆ ఈగలు తోలే నెలల్లోనే ఈ బండి పని చేయించాను.

మా వైపు పాత బండి అంటే కుర్రాళ్లందరికీ యమహా ఆర్‌ఎక్స్ 100 పిచ్చి. కాగితాలు సరిగ్గా ఉన్న ఆర్‌ఎక్స్ కావాలంటే లక్ష పైమాటే చెబుతున్నారు, అదీ 98 సీసీకి. రోడ్‌కింగ్ 250 సీసీ. మైసూరులో ఐడియల్ జావా కంపెనీ 1978లో మొదలుపెట్టి 1996 దాకా తయారు చేసింది. ఆర్‌ఎక్స్ 100 ఆగిపోయిందీ ఆ ఏడే. అయినా రోడ్‌కింగ్ ధర తక్కువ పలుకుతుంది. జనానికి దాని కిక్కు అంటే భయం, పెట్రోల్లో ఆయిల్ కలపడం అంటే విసుగు. మనకి అదే కలిసొచ్చింది.

పొన్నూరు దగ్గర ఒక రిటైర్డ్ మాస్టారి ఇంట్లో దొరికింది. 1991 మోడల్, నలుపు, ఏపీ 7 నంబరు, మొదటి నుంచీ ఆయన చేతిలోనే ఉంది. లక్ష చెప్పారు. "చూడు నాయనా, దీన్ని విప్పి ముక్కలుగా అమ్ముకునేవాళ్లకైతే ఇవ్వను" అన్నారు. "నడపడానికేనండి మాస్టారూ" అన్నాను. అప్పుడు టార్పాలిన్ తీశారు.

ధర తగ్గింది పొగ వల్ల. ఆయిల్ పెట్రోల్‌తో కలిసి కాలే బండి కాబట్టి టూ స్ట్రోక్ పొగ వదలడం మామూలే. కానీ ఇంజన్ బాగా వేడెక్కాక కూడా తెల్లపొగ గుప్పుగుప్పున వస్తుంటే, గేర్‌బాక్స్‌లో ఆయిల్ తగ్గిపోతుంటే అది మామూలు పొగ కాదు. క్లచ్ వైపు క్రాంకు (ఇంజన్‌లో తిరిగే ఇరుసు) చివర ఒక ఆయిల్ సీల్ ఉంటుంది. అది పోతే ఇంజన్ గేర్‌బాక్స్ ఆయిల్‌ని లోపలికి పీల్చి కాల్చేస్తుంది. సీల్ ఖరీదు టిఫిన్ ఖర్చంతే. కానీ మార్చాలంటే ఆ పక్కంతా విప్పాలి, విప్పాక పిస్టన్‌ని క్రాంకుకి కలిపే కనెక్టింగ్ రాడ్ ఎంత వదులైందో కూడా కంటికి కనబడుతుంది, ఇక ఇంజన్ పని మొత్తం మీద పడుతుంది. ఇదంతా ఆయనకు అక్కడే వివరంగా చెప్పి 72 వేలకు ఖాయం చేసుకున్నాను. కాబట్టి పాత టూ స్ట్రోక్ చూడ్డానికి వెళితే పది నిమిషాలు స్టార్టింగ్‌లో ఉంచి, ఆ తర్వాత సైలెన్సర్ల వెనక నిలబడి చూడండి. చల్లటి ఇంజన్ పొగ చూసి ఏదీ తేల్చలేం.

ఇంకొకటి కిక్కు. రోడ్‌కింగ్‌కి కిక్కూ గేరూ ఒకే రాడ్డు. ఎడమ పక్కనున్న గేరు రాడ్డునే లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్ రాడ్డు అవుతుంది. దాని పళ్లు అరిగిపోతే కాలు వేసినప్పుడు జారుతుంది, జారితే మోకాలి చిప్పకు గ్యారంటీ లేదు. కొనేముందు మీరే కొట్టి చూడాలి, అమ్మేవాళ్లు కొట్టి చూపిస్తే కాదు. వాళ్లకి అలవాటైపోయి ఉంటుంది.

ఇంజన్ కన్నా ముందు ఆర్సీ. అసలు పాత బండి విషయంలో మనం ఆర్సీని కొంటాం, బండి దాంతోపాటు వస్తుంది. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే అంకెలు తేలతాయి, వాటిని ఆర్సీతో పోల్చుకోవాలి. అంకెల చుట్టూ గ్రైండింగ్ చేసిన ఆనవాలు ఉంటే నమస్కారం పెట్టి వచ్చేయండి. 15 ఏళ్లు దాటిన బండికి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రిన్యూవల్ చేయించాలి. మధ్యలో వదిలేసి ఉంటే ఆ బాకీలన్నీ ఎవరు కట్టాలో డబ్బు చేతులు మారక ముందే తేల్చుకోండి. పాత ఆర్సీ బుక్కులోని వివరాలు ఆర్టీవో ఆఫీసు కంప్యూటర్లోకి ఎక్కాయో లేదో కూడా చూసుకోండి.

ఇక ఈ మధ్య ప్రతి తుప్పు బండికీ 'వింటేజ్' అని బోర్డు తగిలించి రేటు పెంచుతున్నారు. 2021లో కేంద్రం తెచ్చిన రూల్ ప్రకారం వింటేజ్ అంటే మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటాలి, బండి అసలు రూపంలో పెద్ద మార్పులు ఉండకూడదు. అప్పుడే నంబరులో 'వీఏ' అక్షరాలు వస్తాయి. మొట్టమొదటి రోడ్‌కింగ్‌కి కూడా 2028 దాకా ఆ వయసు రాదు. కాబట్టి ఎవరైనా ఆ మాట చెప్పి పాతిక వేలు ఎక్కువ అడిగితే నవ్వి ఊరుకోండి.

బండి ఇంటికొచ్చాక రెండు దారులు కనిపించాయి. హైదరాబాద్‌లో ఒక కస్టమ్ షాపు వాళ్లకి ఫొటోలు పంపితే మొత్తం ప్యాకేజీ రెండుంపావు లక్షలన్నారు. వెనక ఫ్రేమ్ కోసి పొట్టి చేస్తారట. చైన్ కవర్ పీకేస్తారట. రెండు సైలెన్సర్లను కలిపి ఒక పక్కకే తెస్తారట. కంప్యూటర్ బొమ్మ మాత్రం అదిరింది, కాదనను.

కానీ రోడ్‌కింగ్‌కి ఉన్నది ఒకే సిలిండర్, దానికి పొగ బయటికి పోయే దారులు రెండు. ఆ రెండు సైలెన్సర్లూ అందం కోసం పెట్టినవి కావు. టూ స్ట్రోక్‌లో సైలెన్సర్ అంటే ఇంజన్‌లో భాగమే. అందులోంచి వెనక్కి తన్నే ఒత్తిడే కాలని పెట్రోల్ గాలిని సిలిండర్‌లో ఆపుతుంది. పొడవూ లావూ మార్చేస్తే సౌండ్ పెరుగుతుంది, కింది గేర్లలో పుల్లింగ్ చచ్చిపోతుంది. రోడ్‌కింగ్‌కి ఉన్న గొప్పేమిటంటే తక్కువ స్పీడులో మూడో గేరులో కూడా లాగడం. దాన్ని చంపుకుని సౌండ్ తెచ్చుకోవడం ఎందుకు?

ఫ్రేమ్ కోయడం చట్టప్రకారం కూడా కుదరదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండి మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. చిన్నా చితకా మార్పులు వేరు, బండి నిర్మాణం మార్చడం వేరు. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాడు ముందు ఫ్రేమే చూస్తాడు.

నేను పెట్టుకున్న షరతు ఒకటే. బోల్టు విప్పితే మళ్లీ పాత రూపం వచ్చేయాలి. ఆ షరతుతో విజయవాడ ఆటోనగర్ వెళ్లాను. ఆటోనగర్ అంటే లారీల సామ్రాజ్యం, టూ వీలర్‌ని అక్కడ ఎవరూ లెక్కచేయరని చాలామంది అనుకుంటారు. కావాల్సింది బైకు షాపు కాదు, పని తెలిసిన చేతులు. అవి అక్కడ కావాల్సినన్ని ఉన్నాయి, ఒక్కో సందులో ఒక్కో పని.

లేత్ షాపులో క్రాంకు విప్పి కొత్త రాడ్ కిట్ వేశారు, సిలిండర్ లోపలి గోడ తొలిచి హాఫ్ ఎంఎం రీబోర్ చేశారు. రాడ్ ఎక్కించడం పెద్ద పని కాదు, క్రాంకు వంకర లేకుండా తిరిగేలా సరిచేయడమే పని. లేత్ కుర్రాడు రెండు మొనల మధ్య క్రాంకు పెట్టి, డయల్ గేజి ఆనించి, చేత్తో మెల్లగా తిప్పుతాడు. గేజిలో సూది ఊగిన చోట ఆపుతాడు, రాగి సుత్తితో చక్రం అంచు మీద ఒక్క దెబ్బ వేస్తాడు. మళ్లీ తిప్పుతాడు. దెబ్బ ఎక్కువైతే సూది అవతలి వైపు ఊగుతుంది. "సూది నిద్రపోయేదాకా కొట్టాలన్నా" అన్నాడు ఆ కుర్రాడు, తల ఎత్తకుండానే. హ్యాండిల్ తిమ్మిరెక్కకుండా బండి తోలుతున్నానంటే ఆ పనితనమే. ఇంజన్‌కి మొత్తం 34 వేలయింది, ఒక్క రూపాయి కూడా దండగ కాదు.

నా బండికి పాత పాయింట్ల ఇగ్నిషన్ ఉండేది. అది తీయించి, ఎలక్ట్రానిక్‌గా స్పార్క్ ఇచ్చే 12 వోల్టుల సీడీఐ కిట్ వేయించా, వైరింగ్‌తో కలిపి 7 వేలు. దీని మీద పాత జావా అభిమానులు నన్ను తిట్టుకుంటారు. తిట్టుకోనివ్వండి, రాత్రిపూట కాలవ కట్ట మీద వచ్చేది నేను. పాత భాగాలన్నీ డబ్బాలో కట్టి అటక మీద పెట్టాను.

ముస్తాబు సంగతికొస్తే, రంగు మార్చలేదు. ఆర్సీలో నలుపు అని ఉంది, నలుపే వేయించా. మార్చాలంటే ఆర్సీలో ఎక్కించుకోవాలి, ఆ తిరుగుడు నాకొద్దు. సీటు మాత్రం మార్చాను. అడుగు రేకు అలాగే ఉంచి, పాత ఫోమ్ తీసి సమంగా కోసి, తేనె రంగు రెగ్జిన్ తొడిగించాను. మూడున్నర వేలు. హ్యాండిల్ కొంచెం వెడల్పుది, మధ్యలో అడ్డ రాడ్డు ఉన్నది వేశాను. హ్యాండిల్ మారితే కేబుళ్లు చాలవు, క్లచ్, యాక్సిలరేటర్, బ్రేక్ మూడూ పొడవువి కావాలి. ఈ సంగతి ఎవరూ ముందు చెప్పరు. టైర్లు గళ్ల డిజైన్‌వి, ఆరున్నర వేలు. చైన్ కవర్ జోలికి వెళ్లలేదు. చైను మొత్తం మూసి ఉండటమే ఈ బండికి ఉన్న పెద్ద సుఖం. మా డెల్టా బురదలో బయటి చైన్‌తో తిరిగేవాళ్లని అడగండి ఎంత హాయిగా ఉందో.

క్రోమ్ 11 వేలు, పెయింట్ 9 వేలు. పెయింట్ దగ్గరే ఈ బండికి ప్రాణం వచ్చింది. ట్యాంకుకి టింకరింగ్, లప్పం, రంగు అన్నీ అయ్యాక స్టిక్కర్ గీతలు వేద్దామన్నారు. పక్క షెడ్డులో లారీ బాడీకి తామర పువ్వులు వేస్తున్న పెద్దాయన ఉన్నాడు. "బాబాయ్, ట్యాంకుకి బంగారు గీత వేస్తావా?" అని అడిగా. ట్యాంకు ఒళ్లో పెట్టుకున్నాడు. పొడుగు జుట్టున్న సన్న బ్రష్షు రంగులో ముంచి, అద్దం ముక్క మీద రెండుసార్లు లాగి ఎక్కువ రంగు వదిలించాడు. చిటికెన వేలు ట్యాంకు అంచున ఆనించి, ఊపిరి బిగబట్టి ఒక్క లాగు. టేపు లేదు, స్కేలు లేదు. మలుపు దగ్గర మాత్రం చేయి కదల్చలేదు, ట్యాంకునే తిప్పాడు. దగ్గర్నుంచి చూస్తే ఎడమ వైపు గీత కుడివైపు దానికన్నా ఒక వెంట్రుకవాసి లావు. స్టిక్కర్‌లో ఆ తేడా రాదు, అందుకే స్టిక్కర్ నాకు నచ్చదు. ఎంతివ్వమంటావంటే "నీ ఇష్టం అబ్బాయ్" అన్నాడు. ఇలాంటి చేతులకి ఆటోనగర్‌లో ఇప్పుడు పని తగ్గిపోతోంది, అంతా కంప్యూటర్ కటింగ్.

తోలితే ఎలా ఉంది? తెనాలి నుంచి దుగ్గిరాల కాలవ రోడ్డు మీద 50, 60లో పోతుంటే దీన్ని మించింది లేదు. 70 దాటి కూడా పోగలదు కానీ పోనివ్వకపోవడం మేలు, ఎందుకంటే ఆపాలి కదా. రెండూ డ్రమ్ బ్రేకులే. వెనకది పర్వాలేదు, ముందుది కొత్త లైనర్లు వేసినా ఆలోచించుకుని పట్టుకుంటుంది. హైవే మీద లారీల మధ్య ఈ బ్రేకులతో టెన్షనే. సూర్యలంక బీచ్‌కి పొన్నూరు, బాపట్ల మీదుగా వెళ్లొచ్చాను, నడుం నొప్పి రాలేదు. గేరు రాడ్డు నొక్కితే క్లచ్ దానంతటదే వదులుతుంది, అలవాటైతే ఊళ్లో ట్రాఫిక్‌లో ఎడమ చేతికి విశ్రాంతి.

మైలేజీ 26, 28 మధ్య వస్తోంది. లీటరు పెట్రోలుకు 40 మి.లీ. దాకా టూటీ ఆయిల్ పోస్తున్నా, ఆ ఖర్చూ కలుపుకోండి. ఇప్పటి ఇథనాల్ పెట్రోలుతో పాత రబ్బరు పైపులు మెత్తబడిపోతాయి, కొత్తవి వేయించండి. వారాల తరబడి నిలబెట్టేటట్టయితే పెట్రోల్ ట్యాప్ కట్టేసి కార్బొరేటర్ ఖాళీ అయ్యేదాకా స్టార్టింగ్‌లో ఉంచి ఆపండి. లేకపోతే ఇథనాల్ తేమ లాక్కుని లోపల తుప్పు పట్టిస్తుంది.

కేబుళ్లు, రబ్బర్లు, బోల్టులు, అద్దాలు లాంటి చిల్లర 9 వేలు. అన్నీ కలిపి లక్షా 52 వేలు. ఈ డబ్బుకి ఇంకొంచెం వేస్తే కొత్త ఎజ్డీయే వస్తుంది కదా అని మా బావ అన్నాడు. 2022 జనవరిలో ఆ పేరుతో మళ్లీ వచ్చినవి 334 సీసీ ఫోర్ స్ట్రోక్, నీళ్లతో చల్లబడే ఇంజన్లు. సెల్ఫ్ స్టార్ట్, డిస్క్ బ్రేక్, అన్ని సుఖాలూ ఉన్నాయి. రోజూ ఆఫీసుకి వెళ్లేవాళ్లు అదే కొనుక్కోండి, నిజంగానే చెబుతున్నా. ఇంట్లో ఇంకో బండి ఉండి, చేతికి గ్రీజు అంటినా పర్వాలేదనుకునేవాళ్లకే రోడ్‌కింగ్.

స్పేర్లకు భయపడక్కర్లేదు. పిస్టన్, రింగులు, సీల్స్, క్లచ్ ప్లేట్లు కొత్తవే తయారవుతున్నాయి, ఆర్డర్ పెడితే ఇంటికొస్తాయి. క్వాలిటీ మాత్రం డబ్బా డబ్బాకీ తేడా, రింగులు సిలిండర్‌లో పెట్టి గ్యాపు చూసుకున్నాకే బిగించండి. దొరకనివల్లా చిన్న చిన్న అలంకారాలే. నా బండికి ఎడమ పక్క ప్యానెల్ బ్యాడ్జి లేదు. పాతది, ఒరిజినల్‌ది ఎవరి దగ్గరైనా ఉంటే రేటు చెప్పండి. మార్కెట్లో దొరికే ప్లాస్టిక్ నకిలీలు వద్దు, రెండు కడుగులకే అక్షరాలు ఊడిపోతున్నాయి.