చరిత్ర పాఠం ఎక్కిందో లేదో ఎలా తెలుస్తుంది: స్లిప్ టెస్టా, ప్రాజెక్టా, నోటి ప్రశ్నా?

గుంటూరు, బెజవాడ బడుల్లో సోషల్ చెప్పేవాళ్లం ఎక్కడ కలిసినా ఈ చర్చ వస్తుంది. సిలబస్ పూర్తవుతుంది, మార్కులు ఎక్కించేస్తాం. పిల్లలకి పాఠం అర్థమైందా అంటే మాత్రం గట్టిగా చెప్పలేం.

చీరాల-పేరాల పాఠమే తీసుకోండి. చీరాల అప్పట్లో గుంటూరు జిల్లాలోనే ఉండేది. రెండూళ్లనీ కలిపి మున్సిపాలిటీ చేశారు, పన్నులు పెరిగాయి. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద జనం ఇళ్లు ఖాళీ చేసి, పొలిమేర అవతల రామనగర్‌లో గుడిసెలు వేసుకుని దాదాపు 11 నెలలు ఉన్నారు. స్లిప్ టెస్టులో నాయకుడెవరు, ఏ ఏడాది అని అడిగితే చాలామంది సరిగ్గానే రాస్తారు. ఊరెందుకు వదిలారని అడిగి చూడండి. ఎక్కువమంది ‘పన్ను కట్టలేక’ అంటారు. ఎవరో ఒకరు లేచి, “మున్సిపాలిటీ హద్దు దాటితే ఇక పన్ను ఎవరిని అడుగుతారు సార్?” అంటారు. మొదటి జవాబు చెప్పిన పిల్లకి కనిపించింది జనం కష్టం. రెండో జవాబు చెప్పిన పిల్లాడు వాళ్ల ఎత్తుగడ పట్టుకున్నాడు. బిట్ పేపర్లో ఇద్దరికీ ఒకే మార్కు!

అలాగని స్లిప్ టెస్టు తీసేయమనను. 1857, 1885, 1905 అన్న వరస తెలియనిదే కారణాల జోలికి వెళ్లలేం. పైగా పేపర్లు చకచకా దిద్దేయొచ్చు.

ప్రాజెక్టు, ఇప్పుడు జరుగుతున్న తీరులో, అన్నిటికన్నా నాసి. నెట్ సెంటర్లో ప్రింట్లు తీయించి, రాత్రి అమ్మానాన్నలు అతికించిన చార్టుకి మనం మార్కులు వేస్తున్నాం. ఇంట్లో డబ్బూ తీరికా లేని పిల్లకి ఇది అన్యాయం.

నోటి ప్రశ్న రాత రాని పిల్లల్ని కాపాడుతుంది. ఇంగ్లిష్ మీడియంలో రెండు వాక్యాలు రాయలేని పిల్లాడు తెలుగులో అడిగితే గడగడా చెప్పేస్తాడు. కానీ క్లాసులో నలభై మంది దాటితే అందరినీ అడగడం అయ్యే పని కాదు.

నా ఓటు పాఠంలో లేని ఆధారం ఇచ్చి అడిగే ప్రశ్నకి. అమరావతి స్తూపం తొలినాటి శిల్పాల్లో ఒకదాని ఫొటో ఇవ్వండి. అందరూ ఖాళీ ఆసనానికో, పాదముద్రలకో దండం పెడుతుంటారు. బుద్ధుడు మనిషి రూపంలో ఉండడు. నువ్వేం చూశావు, దాన్నిబట్టి ఏం చెప్పగలవు, ఏం చెప్పలేవు? మొత్తం 5 మార్కులు: చూసినదానికి 2, చెప్పిన కారణానికి 2, ‘ఇది ఈ బొమ్మని బట్టి తెలియదు’ అని గుర్తించినందుకు 1. ఆ చివరి మార్కు తెచ్చుకునేవాళ్లు తక్కువ. కానీ ఊహనీ ఆధారాన్నీ విడదీసి చూడటం వచ్చిందని నాకు నమ్మకం కలిగేది అక్కడే. దీనికి గైడులో జవాబు దొరకదు.

కాబట్టి యూనిట్ టెస్టులో కొన్ని బిట్లు, ఒక ఆధారం ప్రశ్న పెట్టండి. పేపరు చూశాక అనుమానం వచ్చిన నలుగురైదుగురిని పిలిచి నోటితో అడగండి. ప్రాజెక్టు తప్పదంటే చార్టు వద్దు. 1977 దివిసీమ ఉప్పెన గురించి గుర్తున్న పెద్దవాళ్లని ఇద్దర్ని విడివిడిగా అడిగి, వాళ్ల మాటలు ఎక్కడ కలిశాయో, ఎక్కడ తేడా వచ్చిందో ఒక పేజీ సొంత చేతిరాతతో రాసుకు రమ్మనండి.